ఏడో నంబరు, ఎనిమిదో నంబరు

"ఈ రాత నీదే కదా?"

చెల్లెలు అక్కను అడగడం ఇది మూడోసారి.

పోయిన వారం మనం ఈ ఇంటిని వదిలిపెట్టేసరికి చెల్లెలు అక్క బీరువాలో తన పాత స్కానింగ్ రిపోర్టు కోసం వెతుకుతోంది. రిపోర్టు దొరకలేదు. చీరల అడుగున ఒక నీలం ఫైలు దొరికింది. ఫోన్ చేసి "ఉన్నపళాన ఇంటికి రా" అంటే అక్క ల్యాబు నుంచి పరుగున వచ్చింది. ఇప్పుడు ఆ ఫైలులోని కాగితాలన్నీ భోజనాల బల్ల మీద వరసగా పరిచి ఉన్నాయి. బల్లకు అటు ఏడో నెల కడుపుతో చెల్లెలు నిలబడి ఉంది. ఇటు భుజం మీది బ్యాగు కూడా దించకుండా అక్క కూర్చుంది. వంటింటి గుమ్మంలో అమ్మ, చేతిలో గరిటెతో.

"నాదే," అంది అక్క.

"అయితే చదువు."

"నువ్వు చదివే ఉంటావు కదా."

"నేను చదివింది నేను చదివాను. నీ నోటితో వినాలి."

అక్క కాగితం వైపు చూసింది కానీ ముట్టుకోలేదు. చివరికి చెల్లెలే అందుకుంది. అది అరవై వరసల పట్టిక. పేర్లు లేవు, నంబర్లే. ఏడో వరస, ఎనిమిదో వరస ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉన్నాయి. అంచున అక్క గుండ్రటి చేతిరాత.

"ఇద్దరిలోనూ అదే లోపం. బి ప్రోటీను. పాప?" అని చదివింది చెల్లెలు. "కింద తేదీ వేశావు. పద్నాలుగు నెలల కిందటిది. ఏడో నంబరు నా సంతకం, ఎనిమిది మా ఆయనది. ఇదుగో, రక్తం ఇచ్చినప్పుడు మేం సంతకాలు పెట్టిన కాగితాల మీద నంబర్లున్నాయి. కలిపి చూసుకోవడం నాకూ వచ్చు."

"నేను చెబుదామనే..."

"ఆగు. ముందు ఒకటి చెప్పు. నా పాప పక్కన ప్రశ్న గుర్తు ఎందుకు పెట్టావు?"

"కేకలెయ్యకే, వట్టి మనిషివి కాదు," అంది అమ్మ.

"నేను కేకలెయ్యడం లేదమ్మా. ఇంకా మొదలే పెట్టలేదు."

పాప పంతొమ్మిది రోజులు బతికింది. నెలలు నిండి పుట్టింది, గట్టిగా ఏడ్చింది, పాలు తాగింది. రెండో రోజుకు పెదాలు నీలం తిరిగాయి. గొట్టంలోంచి ఊపిరితిత్తుల్లోకి మందు పోస్తే పూటసేపు తేరుకునేది, మళ్ళీ ఎగశ్వాస. మళ్ళీ మందు, మళ్ళీ పూటసేపు తెరిపి. ఇరవయ్యో రోజు పొద్దున డాక్టర్లు చేతులెత్తేశారు. అది జరిగి రెండేళ్ళయింది.

అక్క చదువుకున్నది సరిగ్గా ఆ విషయమే. ఊపిరితిత్తుల లోపల ఉండే పల్చటి పూత మీద, ఆ పూతను నిలిపే ప్రోటీన్ల మీద పన్నెండేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఎక్కడెక్కడి పిల్లలకో ఊపిరి ఎందుకు ఆడదో చెప్పగలదు, పక్క గదిలో పడుకున్న చెల్లెలికి మాత్రం చెప్పలేకపోయింది. ఈ నవల మొదలుపెట్టినప్పుడు ఈవిడ మీద నాకు చాలా గౌరవం ఉండేది. ఈ వారం దాన్ని కాసేపు పక్కన పెడుతున్నాను.

"నాకు అర్థమయ్యేలా చెప్పు," అంది చెల్లెలు. "మీటింగుల్లో చెప్పినట్టు కాదు."

అక్క బ్యాగు దించి కింద పెట్టింది.

"ఊపిరితిత్తుల్లో గాలి నిలిచే చిన్న చిన్న గదులుంటాయి. లోపలంతా తడి. తడిసిన ప్లాస్టిక్ సంచి రెండు వైపులూ అతుక్కుపోతే ఎంత ఊదినా తెరుచుకోదు చూశావూ, అవీ అలా అతుక్కుపోవాలి. పోకుండా ఒక పూత కాపాడుతుంది. బి ప్రోటీను లేకపోతే ఆ పూత నిలవదు."

"ఊఁ."

"ఆ ప్రోటీను తయారవ్వడానికి ఒక పేటర్ను ఉంటుంది. నువ్వు బట్ట మీద పెట్టి కోసే కాగితం పేటర్ను లాంటిదే అనుకో. ప్రతి మనిషిలో దానికి రెండు కాపీలుంటాయి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. నీలో ఒక కాపీ పాడైంది. రెండోది బాగుంది కాబట్టి నీకు దగ్గు కూడా రాదు. మీ ఆయనలోనూ అంతే."

"పాపకు నా దగ్గర్నుంచి పాడైందే వచ్చింది, ఆయన దగ్గర్నుంచీ పాడైందే వచ్చింది."

"అయ్యుండాలి. పాప రక్తం ఎవరూ దాచలేదు. అందుకే ప్రశ్న గుర్తు."

చెల్లెలు కుర్చీ వెనక్కి లాగింది, కూర్చోలేదు. దాన్ని గట్టిగా పట్టుకుని నిలబడింది.

"అంటే దుమ్ము కాదు."

అక్క తల అడ్డంగా ఊపింది.

"తల ఊపకు. మాటతో చెప్పు. అమ్మ వినాలి."

"దుమ్ము కాదు. పాప పోవడానికీ నీ పనికీ ఏ సంబంధమూ లేదు."

గుమ్మంలో అమ్మ చేతిలోని గరిటె కిందికి దిగింది.

ఈ దుమ్ము సంగతి చెప్పాలి. చెల్లెలు బట్టల కంపెనీలో కటింగ్ మాస్టరుగా చేసేది. నలభై పొరలు పేర్చి, మీద సుద్దతో గీసి, మిషన్ కత్తెరతో మలుపుల దగ్గర కూడా ఒక్క పొర జరక్కుండా కోసేది. ఆ హాలులో పదకొండు మంది మాస్టర్లుంటే ఆడమనిషి ఆమె ఒక్కతే. పాపకు ఊపిరాడనప్పుడు ఆసుపత్రిలో ఎవరో డాక్టరు "మీరేం పని చేస్తారు?" అని అడిగింది. బట్టల కంపెనీ అనగానే "దుమ్ముంటుందా?" అంది. అంతే. ఆ ఒక్క ప్రశ్న ఆసుపత్రి మెట్లు దిగేలోపు జవాబైపోయింది. కడుపుతో ఉండి దుమ్ము పీల్చింది, బిడ్డ ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ఈ మాట అమ్మ నోట విన్నారు, విని వెళ్ళి ఇంకో పదిమందికి చెప్పారు. చెల్లెలు పనికి వెళ్ళడం మానేసింది. తన కత్తెరలు తోటి మాస్టరుకు ఇచ్చేసి వచ్చిన రోజున అన్నం ముట్టలేదు.

"ఆ డాక్టరమ్మే కదే అన్నది," అంది అమ్మ నెమ్మదిగా.

"ఆవిడ అడిగింది. మిగతాదంతా నువ్వు అల్లావు."

"నేనేమన్నా చదువుకున్నదాన్నా?" అమ్మ గొంతు పెరిగింది. గరిటె అటు తిరిగింది, పెద్దకూతురి వైపు. "చదువుకున్నది ఇదుగో, ఇక్కడే కూర్చుని ఉండేది. వచ్చినవాళ్ళకి నేను దుమ్ము దుమ్మని చెప్తుంటే, ఇదే ఈ కుర్చీలో కూర్చుని టీ తాగింది. ఒక్కనాడు కాదమ్మా అనలేదు. ఇంత చదివిన ఇదే కాదనకపోతే అవుననే కదా అనుకుంటాం. ఏమే, నా చేత ఎందుకు అనిపించావు అన్ని మాటలు?"

"ఫలితాలు చెప్పకూడదని రూలుంది," అంది అక్క.

"రూలా?" అంది చెల్లెలు.

"ఎవరి రక్తం ఏ నంబరో మేం చూడకూడదు. చూసినా చెప్పకూడదు. చెప్పమని వాళ్ళు రాసిస్తే తప్ప. ఆ కాగితంలో ఉంటుంది, ఫలితం మీకు తెలియజేయాలా అని. మీరు ముగ్గురూ వద్దనే..."

అని ఆగిపోయింది. ఆగకపోయినా చెల్లెలు ఆపేదే. ఆమె అప్పటికే మూడు సంతకాల కాగితాలూ పక్కపక్కన జరిపింది.

"మేం వద్దన్నామా?"

అక్క చూపు టిక్కుల మీద పడింది.

"మూడు కాగితాలు, మూడు టిక్కులు. ఒకటే పెన్ను. మూడూ ఒకే వైపు వాలి ఉన్నాయి. నేను ఎడంచేత్తో రాస్తానక్కా. ఈ టిక్కు నాది కాదు."

"నేనే పెట్టాను."

"ఎందుకు?"

"అవును అని పెడితే ఒక్కొక్కరికీ విడిగా కౌన్సెలింగ్ పెట్టించాలి. కమిటీకి మళ్ళీ ఫైలు పంపాలి. అందరం ఆరోగ్యంగానే ఉన్నాం కదా, ఏముంటుందిలే అనుకున్నాను. ఆదివారం కూడా, త్వరగా అయిపోతుందని నేనే నింపేశాను. మీరు చదవకుండా సంతకాలు చేశారు."

"నువ్వు ఇచ్చావని చేశాం. నువ్విచ్చిన కాగితం చదివి సంతకం చెయ్యాలని మాకు తెలీదు."

ల్యాబుల్లో ఇది మామూలే. జబ్బు పిల్లల రక్తంతో పోల్చడానికి జబ్బులేనివాళ్ళ రక్తం కావాలి. బయటివాళ్ళను వెతికి, ఒప్పించి, తీసుకురావడం పెద్ద తలనొప్పి. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు తలా ముగ్గురు నలుగురు ఇంటివాళ్ళ రక్తం పట్టుకొస్తారు. అక్క మూడేళ్ళ కిందట ఒక ఆదివారం అలాగే తెచ్చింది. అప్పటికి చెల్లెలికి పెళ్ళయి నెల. ఆ రోజు స్టోరు తాళం వేసి ఉండటంతో అందరూ వాడే ఊదారంగు మూతల ట్యూబులు దొరక్క, సొరుగులో మిగిలిన మూడు గులాబీ మూతలవి తెచ్చుకుంది. అమ్మకొకటి, చెల్లెలికొకటి, మరిదికొకటి. ఆ మూడూ ఫ్రీజరులోకి వెళ్ళి మిగతావాటితోపాటు తమ వంతు కోసం ఎదురుచూశాయి. పాప పుట్టింది, పోయింది. అవి ఇంకా ఫ్రీజరులోనే ఉన్నాయి.

"పాపకు ఊపిరాడక కొట్టుకుంటుంటే నా రక్తం నీ ఫ్రీజర్లో ఉంది," అంది చెల్లెలు, ఈ సంగతంతా ముక్కలు ముక్కలుగా రాబట్టుకున్నాక.

"ఉంది. కానీ అప్పటికి పరీక్ష చెయ్యలేదు. తెలిసినా పాపను కాపాడగలిగేవాళ్ళం కాదు, ఒట్టు."

"కాపాడమనలేదు. తర్వాత సంగతి చెప్పు. ఎందుకు కొట్టేశావు మమ్మల్ని?"

"ఆరోగ్యవంతుల పట్టికలో ఇద్దరికి ఈ లోపమేమిటన్నారు డైరెక్టరు. వెయ్యి మందిని చూసినా ఒకరు దొరకడం కష్టం. ట్యూబుల్లో ఏదో కలిసిపోయి ఉంటుంది, ఆ రెండూ తీసెయ్యమన్నారు."

"కలిసిపోలేదని నీకు తెలుసు."

"ఆ మధ్యాహ్నం ఫ్రీజరు తెరిచి చూశాను. రెండూ గులాబీ మూతలే." అక్క కళ్ళు తుడుచుకుంది. "పాప సంగతి తెలుసు కదా, ఎవరివో చూడక్కర్లేకపోయింది."

"చూసి తీసేశావు."

"తీసేశాను."

చెల్లెలు గోడ దగ్గరికి నడిచింది. అక్కడ అక్క ప్రచురించిన పరిశోధనా పత్రం మొదటి పేజీ అద్దం ఫ్రేములో ఉంది. అమ్మ ముచ్చటపడి కట్టించింది. వచ్చినవాళ్ళందరికీ చూపించింది, ఒక పక్క దుమ్ము సంగతి చెబుతూనే. చెల్లెలు ఫ్రేము దించి తెచ్చి, బల్ల మీద బోర్లా పెట్టింది.

"నన్ను కొట్టేసి రాసింది నా ఎదురుగా గోడకుండక్కర్లేదు," అంది.

అమ్మ కూడా కాదనలేదు.

అక్క అప్పుడు ఏడ్చింది. చెల్లెలు ఆమె ఏడుపు ఆగేదాకా ఊరుకుంది. ఓదార్చడానికి కాదు, ఏడుపులో మాట వినపడదని.

"ఈ కడుపు సంగతి నీకు మూడో నెలలో చెప్పాం," అంది. "అప్పుడు పరీక్ష ఉందా?"

"ఉంది."

"తెలిసేదా?"

"తెలిసేది."

"తెలిస్తే నేను ఆలోచించుకోవడానికి టైముండేదా?"

"ఉండేది," అంది అక్క. "ఇప్పుడు దాటిపోయింది."

"తెలిస్తే ఏం చేసేదానివే అని అడగకు. నాకు తెలీదు. వద్దనుకునేదాన్నో, ఇంకో పంతొమ్మిది రోజులైనా చాలు అని కనేదాన్నో. అది నేను కొట్టుకుచావాల్సిన సంగతి. నా కడుపు, నా పాప, నా ఏడుపు. నువ్వు నా బదులు అన్నీ నీలోనే పెట్టుకుని కూర్చున్నావు. నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే నా కాళ్ళు వాచాయా అని చూశావు, మందులు వేసుకున్నావా అని అడిగావు. ఇదొక్కటి చెప్పలేదు. రూలన్నావు, టిక్కన్నావు, డైరెక్టరన్నావు. అవన్నీ కాగితాలు. నువ్వెందుకు చెప్పలేదు?"

అక్క నోరు తెరిచింది. గోడ గడియారం వైపు చూసింది. నాలుగు కావస్తోంది. మళ్ళీ నోరు మూసుకుంది.

ఆమె దగ్గర ఇంకో జవాబు ఉంది. దాన్ని ఒక్కతే చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. తప్పు చేసినవాళ్ళకు ఒక్కోసారి వేళకాని వేళ పెద్దరికం వస్తుంది.

"సరే, చెప్పకు," అంది చెల్లెలు. "ఇప్పుడు పరీక్ష చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు. ఉమ్మనీరు కొద్దిగా తీస్తారు. బిడ్డకు మూడొంతులు ఏమీ ఉండకపోవచ్చు. నలుగురిలో ముగ్గురు..."

"నాలుగో దాని గురించి చెప్పు."

అక్క తల దించుకుంది. "అలా అని తెలిస్తే, పుట్టే ముందే పెద్ద ఆసుపత్రిలో చేరాలి. ఊపిరితిత్తులు మార్చే చోట పేరు రాయించాలి. పసిపిల్లలకు దొరకడం కష్టం. దొరకొచ్చు కూడా. పోయినసారిలా ఏమిటో తెలియక చీకట్లో తడుముకోం. అంతవరకూ చెప్పగలను."

"ఎన్నాళ్ళకు తెలుస్తుంది?"

"బయటికి పంపితే ఐదు వారాలు. నా ల్యాబులో అయితే నాలుగు రోజులు."

చెల్లెలు నవ్వింది. ఆ నవ్వు చూసి అమ్మ గుమ్మం వదిలి లోపలికి వచ్చింది.

"చూశావా అమ్మా. తిరిగి తిరిగి దీని చేతికే ఇవ్వాలి. నా ఒంట్లోంచి ఇంకో చుక్క దీనికివ్వాలంటే ఒళ్ళు మండిపోతోంది." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇస్తాను. కానీ ఫలితం వచ్చేటప్పుడు నీ పక్కన నేనుంటాను. నువ్వు చూశాక కాదు. చూసేటప్పుడే."

"అవి వట్టి అక్షరాల వరసలే. చూసినా నీకు తెలీదు."

"నేర్పు. నాలుగు రోజులున్నాయి."

"డైరెక్టరు ఒప్పుకోవాలి. ఎందుకని అడుగుతారు. ఆ రెండు ట్యూబుల సంగతి చెప్పాల్సొస్తుంది. చెబితే ఆ పేపరు వెనక్కి తీసుకోవాలంటారు. నా ఉద్యోగం కూడా..."

"అనొచ్చు," అంది చెల్లెలు. "ఫోను అక్కడుంది."

అక్క ఫోను వైపు చెయ్యి చాచేలోపు వీధి తలుపు తెరుచుకుంది.

చెల్లెలి మొగుడు సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకోకుండానే రోజూ ఈ వేళకు, పుట్టింట్లో ఉంటున్న భార్యను చూడటానికి వస్తాడు. ఆమె కంపెనీకి వెళ్ళేది ఒకప్పుడు అతని బస్సులోనే. ముందు సీటు ఖాళీగా ఉంచడానికి అతను అక్కడ తన అన్నం డబ్బా పెట్టేవాడు, ఆమె ఎక్కగానే తీసేసేవాడు. ఏడాదిన్నర అలా నడిచాక పెళ్ళి చేసుకున్నారు.

అతను గుమ్మంలో నిలబడి బల్ల మీది కాగితాలు చూశాడు. బోర్లా ఉన్న ఫ్రేము చూశాడు. అక్క ఎర్రబడ్డ కళ్ళు చూశాడు. భార్య వైపు చూడలేదు.

"చెప్పేశావా వదినా?" అన్నాడు.

అక్క కళ్ళు మూసుకుంది.

వంటింట్లో ఏదో పొంగి పొయ్యి మీద పడింది. అమ్మ వెళ్ళలేదు.

"ఏం చెప్పెయ్యాలి?" అంది చెల్లెలు.

డ్రైవరుకు తను చేసిన పని అప్పుడు తెలిసింది. వదినను చూశాడు, ఆమె సాయం రాలేదు.

"నీకు తెలుసు," అంది చెల్లెలు. ఈసారి గొంతులో కోపం కూడా లేదు. "ఎప్పట్నుంచి?"

"పరీక్ష ఫలితం వచ్చినప్పట్నుంచే. వదిన నా బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా వచ్చింది. అందరూ దిగాక చెప్పింది. నీకూ అదే రోజు చెబుతానంది. చెప్పొద్దని నేనే బతిమాలాను."

"ఎందుకు?"

అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు. మనిషి పొడగరి. ఆ ఇంట్లో ఎప్పుడూ తల కాస్త వంచే నిలబడతాడు, ఇవాళ ఇంకా వంచాడు.

"ఇద్దరిలో ఉంటేనే అలా అవుతుందంది వదిన. ఒక్కరిలో ఉంటే ఏమీ కాదంది. అంటే నువ్వు నన్ను కాక ఇంకెవర్ని చేసుకున్నా నీకు పిల్లలు బతుకుతారు. నాతోనే బతకరు. ఈ మాట నీకు తెలిశాక నువ్వు నా దగ్గర ఎందుకుంటావు? పాప పోయాక నా మొహం చూడ్డానికి నీకు ఆరు నెలలు పట్టింది. అప్పుడప్పుడే మళ్ళీ నవ్వుతున్నావు. నాకు భయమేసింది."

"నీకు భయమేసింది."

"వేసింది."

"అందుకని అందరూ నన్ను దుమ్ము దుమ్మని పొడుస్తుంటే ఊరుకున్నావు."

"నేను పని మానొద్దనే అన్నాను నీకు. ఎన్నిసార్లు అన్నాను."

"మానొద్దన్నావు. ఎందుకు మానక్కర్లేదో చెప్పలేదు."

అతను చేతిలోని టోపీని ఇంకో వైపుకు తిప్పాడు.

"మరి ఈ బిడ్డ? అన్నీ తెలిసి దీనికెందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వే అడిగావు. ఇంకో బిడ్డ కావాలని రోజూ ఏడ్చావు. మూడొంతులు బాగుంటుందని వదిన అన్నదిగా, బాగుంటే ఇక ఈ సంగతి ఎప్పటికీ..."

"నేను తెలియక అడిగాను. నువ్వు తెలిసి సరేనన్నావు. నా కడుపు మీద పందెం కాశావు."

"నీకు చెప్పమని అతన్ని ప్రతివారం అడుగుతూనే ఉన్నాను," అంది అక్క, "ఈ వారం చెబుతాను, ఈ వారం చెబుతాననే..."

"నువ్వు నోరుమూసుకో." చెల్లెలి కేక ఇప్పుడు వచ్చింది. వీధిలో పోయేవాళ్ళెవరో ఆగి లోపలికి చూసి వెళ్ళారు. "ఇద్దరూ కూడబలుక్కున్నారు. ఆఖరి స్టాపులో కూర్చుని నా బతుకు గురించి మాట్లాడుకున్నారు. నేను ఇంట్లో కూర్చుని, ఆ కంపెనీకి వెళ్ళకపోతే నా పాప ఉండేదని గోడకు తల కొట్టుకున్నాను. వినపడలేదా మీకు? ఇదుగో ఈ గోడే. దీని కుర్చీకి రెండడుగుల దూరం."

అమ్మ చిన్నకూతురి భుజం మీద చెయ్యి వేసింది. చెల్లెలు దాన్ని తోసెయ్యలేదు, పట్టించుకోనూ లేదు. కాసేపటికి కుర్చీలో కూర్చుంది.

"అక్కా. ఒక్కటి నిజం చెప్పు. ఇతను అన్నది నిజమేనా? వేరే మనిషితో అయితే నా పాప బతికేదా?"

డ్రైవరు వదిన మొహంలోకి చూశాడు. అంత దీనంగా మనిషి మనిషిని చూడటం చూస్తే ఎవరికైనా అబద్ధం ఆడాలనిపిస్తుంది. అక్క పద్నాలుగు నెలలుగా చేసింది ఆ పనే.

"ఆ పాప కాదు. వేరే పాప పుట్టేది," అంది అక్క. "కానీ బతికేది."

చెల్లెలు తల ఊపింది. ఇన్నాళ్ళకు ఒకరు తన ప్రశ్నకు జవాబు చెప్పారన్నట్టు.

"ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. రేపు పొద్దున్నే తీయించుకుంటాను. అమ్మ వస్తుంది నాతో." తర్వాత భర్త వైపు తిరిగింది. "నువ్వు ఇంటికి వెళ్ళు. ఈ నాలుగు రోజులూ ఇటు రావద్దు."

"నాలుగు రోజుల తర్వాత?"

"బిడ్డ బాగుందని తెలిస్తే అప్పుడూ రావద్దు. నేను పనికి పోయి పెంచుకుంటాను. కత్తెర పట్టడం మర్చిపోలేదు."

"అదేం మాటే," అంది అమ్మ. "బాగుంటే అందరం..."

"బాగుంటే మీ అబద్ధాలన్నీ కడుక్కుపోతాయనుకుంటున్నారు. పోవు." ఆమె అతన్ని చూస్తూనే ఉంది. "బాగాలేదని తెలిస్తే రా. పోయినసారి ఆసుపత్రిలో పాప గది గాజు తలుపు దగ్గర నీవాళ్ళూ నావాళ్ళూ నన్నే చూశారు. నువ్వు నా వెనక నిలబడ్డావు. ఈసారి పక్కన నిలబడాలి. ఇది ఇద్దరిదీ అని వచ్చిన ప్రతివాళ్ళకీ నీ నోటితో చెప్పాలి. రెండోసారి ఒక్కదాన్నే మొయ్యను."

అక్క ఫోనులో ఆసుపత్రి నంబరు కలిపింది. అవతల ఎవరో ఎత్తి, రేపు ఎనిమిదింటికి రమ్మన్నారు. తర్వాత డైరెక్టరు నంబరు నొక్కింది. అమ్మ వెళ్ళి పొయ్యి కట్టేసింది.

డ్రైవరు గుమ్మంలోనే ఉండిపోయాడు. బిడ్డ బాగుండాలని కోరుకుందామంటే అతనికి నోరు రాలేదు.